మూడో నంబర్ బుగ్గల తుపాకి

ఐనవోలు జాతరకు ఇంకా పన్నెండు రోజులుందనగా ఆయన వచ్చాడు. ఆటోలో గోనెసంచిలో చుట్టి ఐదు ఎయిర్ గన్లు తెచ్చాడు. సంక్రాంతికి ఐనవోలు, ఆ తర్వాత కొత్తకొండ, మేడారం ఉన్న ఏడాది మేడారం, శివరాత్రికి కురవి. నలభై ఏళ్లుగా ఆయన బతుకంతా ఈ జాతరల్లో బుగ్గల దుకాణమే. బెలూన్ అని పుస్తకాల్లో రాస్తాం గానీ మా వరంగల్ వైపు అవి బుగ్గలే, దాన్ని పేల్చేది బుగ్గల తుపాకే.

మాది నిజానికి కుట్టు మిషన్ల రిపేరు. శివనగర్‌లో ఇంటి వెనక రేకుల షెడ్డు, ఒక బెంచీ, ఒక చిన్న లేత్. చలికాలం వచ్చిందంటే ఈ తుపాకులు కూడా వస్తాయి. నాలుగు బాగు చేసి ఇచ్చాను, వాటి గురించి చెప్పడానికేం లేదు, తుడిచి నూనె పెట్టి స్క్రూలు బిగించాను. కథంతా తెల్ల పెయింటుతో 3 అని రాసిన దానిదే. ఇందులో నా తప్పు కూడా ఉంది కాబట్టి వివరంగా రాస్తున్నా.

"బుగ్గకు తాకి కిందపడుతుంది తమ్మీ, పగుల్తలేదు. పోరగాళ్లు పైసలు వాపస్ ఇయ్యమంటున్నరు." ఆయన చెప్పిన జబ్బు అంతే. ఇంకో జబ్బు ఉందని చెప్పలేదు. అది నాకు నా బెంచీ మీదే తెలిసింది.

ముందు ఇది ఎలా పనిచేస్తుందో తెలియాలి. గొట్టాన్ని కిందికి మడిస్తే ఒక లింకు పిస్టన్‌ను వెనక్కి తోస్తుంది. పిస్టన్ వెనక పెద్ద స్ప్రింగు నలుగుతుంది. చివరకు పిస్టన్‌ను ఒక కొక్కెం పట్టుకుంటుంది. కంపెనీ బొమ్మల్లో దాని పేరు సియర్, నేను కొక్కెం అనే రాస్తాను. ట్రిగ్గర్ నొక్కితే కొక్కెం వదుల్తుంది, స్ప్రింగు పిస్టన్‌ను ముందుకు తోస్తుంది, సిలిండర్‌లోని గాలి ఒక్కసారిగా నలిగి సన్న రంధ్రం గుండా పెల్లెట్ (చిన్న సీసం గుండు) వెనక్కి చేరుతుంది. అంటే పెల్లెట్‌ను నెట్టేది స్ప్రింగు కాదు, గాలి. ఈ మాట నాకు ఎప్పటినుంచో తెలుసు. తెలిసీ ఎలా పొరబడ్డానో ముందు చూస్తారు.

ఏ రిపేరైనా మొదలుపెట్టే ముందు కొలత తీసుకోవాలి, లేకపోతే బాగైందో లేదో మనసుకు నచ్చినట్టు అనుకుంటాం. వేగం కొలిచే మిషన్ నా దగ్గర లేదు. ఫోన్ ఉంది. పది మీటర్ల దూరంలో ఖాళీ నూనె డబ్బాలో బంకమట్టి కుక్కి, ముందు పల్చటి రేకు ముక్క కట్టాను. వెనకాల నిండు ఇసుక బస్తాలు. సీసం పెల్లెట్ రేకు మీంచి ఎగిరి రావచ్చు కాబట్టి వెల్డింగ్ కళ్లద్దాలు పెట్టుకున్నా. ఫోన్‌ను సరిగ్గా మధ్యలో, ఐదు మీటర్ల దగ్గర పెట్టి రికార్డింగ్ ఆన్ చేశాను. మధ్యలోనే ఎందుకంటే తుపాకి చప్పుడూ రేకు చప్పుడూ ఫోన్‌కు సమాన దూరం నుంచే రావాలి. అప్పుడు రెండు చప్పుళ్ల మధ్య ఖాళీ ఎంతుంటే పెల్లెట్ గాలిలో ఉన్న సమయం అంతే. ఆడియో యాప్‌లో పెద్దది చేసి చూస్తే రెండు ముళ్లు స్పష్టంగా కనపడతాయి.

పది షాట్లు. సగటున 0.18 సెకను. అంటే సెకనుకు 55 మీటర్లు. పెల్లెట్ బరువు అర గ్రాము, కాబట్టి శక్తి 0.76 జౌళ్లు. పైగా షాటుకు షాటుకు పొంతన లేదు, ఒకటి 62 వస్తే ఇంకోటి 48. ఆ 0.18 సెకనులో పెల్లెట్ 16 సెంటీమీటర్లు కిందికి జారుతుంది. దుకాణంలో దూరం నాలుగు మీటర్లే కాబట్టి జారుడు పెద్దగా తెలియదు. కానీ పొద్దున ఊదిన బుగ్గ సాయంత్రానికి మెత్తబడుతుంది. మెత్తబడ్డ బుగ్గ మీద అంత నీరసం పెల్లెట్ పడితే లోపలికి సొట్ట పడి వెనక్కి వస్తుంది. ఆయన చెప్పింది నిజమే.

విప్పాను. విప్పడమే ఇందులో పెద్ద ప్రమాదం. వెనక మూత ఒక అడ్డపిన్నుతో ఆగి ఉంటుంది, దాని వెనక స్ప్రింగు అప్పటికే నాలుగైదు సెంటీమీటర్లు నలిగి కూర్చుని ఉంటుంది. ఏడెనిమిదేళ్ల కింద ఇలాంటిదే చేత్తో అదిమి పిన్ను కొట్టాను. మూత చెవి పక్కనుంచి పోయి పైకప్పు రేకుకు తగిలింది. ఆ సొట్ట ఇప్పటికీ ఉంది, వానాకాలంలో అక్కడే కారుతుంది. తర్వాత స్లాటెడ్ యాంగిల్, పొడుగు థ్రెడ్ రాడ్‌తో ఒక బిగింపు తయారు చేసుకున్నా. మూతను దాంతో అదిమి, పిన్ను తీసి, నట్టు తిప్పుతూ మెల్లగా వదలాలి.

స్ప్రింగు బయటికొచ్చింది. కొత్తదాని పక్కన పెట్టి చూస్తే రెండు సెంటీమీటర్లు పొట్టి. "దొరికింది దొంగ" అనుకున్నా. ఇదే నా తప్పు. ఏ స్ప్రింగైనా మొదటి వందల షాట్లలో కొంచెం కూర్చుంటుంది, ఆపైన ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. పొట్టిదైనంత మాత్రాన చచ్చినట్టు కాదు. చుట్టలు ఒకదానితో ఒకటి ఒరుసుకున్నాయా, ఎక్కడైనా విరిగిందా, పక్కకు వంగిందా, అవి చూడాలి. ఏదీ లేదు. అయినా కొత్తది చేతిలో ఉంది, జాతర దగ్గర పడుతోంది. వేసేశాను.

మళ్లీ పది షాట్లు. 0.14 సెకను, అంటే 71 మీటర్లు. పెరిగిందనుకోండి. కానీ తుపాకి ఇప్పుడు భుజాన్ని తన్నుతోంది, లోపల గణగణమని మోత. బలమైన స్ప్రింగు వేశాక పెరగాల్సినంత పెరగలేదు, మరి మిగతా బలం ఎటు పోతోంది? అది ఆలోచిస్తూ పదకొండో షాటుకు గొట్టం మడిచి, పెల్లెట్ పెట్టి, గొట్టాన్ని పైకి తెచ్చి మూశాను. టక్కుమని మూసుకోగానే పేలింది. నా వేలు ట్రిగ్గర్ దగ్గరే లేదు. పెల్లెట్ ఇసుక బస్తాలోకి పోయింది, ఎందుకంటే మూతి అటే ఉంది. ఒక్క అరసెకను ముందు పేలి ఉంటే గొట్టం మొత్తం స్ప్రింగు బలంతో పైకి లేచి, పెల్లెట్ పెడుతున్న నా బొటనవేలిని నలిపేది.

చెయ్యి కడుక్కుని ఆయనకు ఫోన్ చేశాను. "కాకా, ఇది దానంతటదే పేలుతుందా?"

కాసేపు మాట లేదు. "ఎప్పుడన్న ఒక్కసారి పేల్తది బిడ్డా. నేను పోరగాండ్లకు ఇయ్యను, నేనే మలిచి ఇస్త."

"ఎవరన్నా ట్రిగ్గర్ ముట్టిన్రా?"

"మా అల్లుడు జెర్ర హల్కగ చేసిండు. ఆడపిల్లలు నొక్కలేకపోతున్నరని."

అప్పుడు అర్థమైంది, మూడో నంబర్‌కు ఉన్నవి రెండు వేర్వేరు జబ్బులని. కొత్త స్ప్రింగు మొదటిదాన్ని నయం చేయకపోగా రెండోదాన్ని పెంచింది. అరిగిన కొక్కెం మీద ఎక్కువ బరువు పెట్టింది.

మొదట గాలి సంగతి. గొట్టం మూసుకునే చోట, పైన ఒక టిష్యూ పేపర్ చీలిక వేసి షాట్ కొట్టాను. కాగితం ఎగిరిపడింది. అక్కడ ఉండే చిన్న వాషర్ గట్టిపడి చదునైపోయింది. అది సగం సంగతి. అసలుది పిస్టన్ తల మీది తోలు వాషర్. విప్పితే ఎండిన అప్పచ్చిలా ఉంది, అంచున రెండు చోట్ల పగుళ్లు. సిలిండర్ గోడను పట్టుకోవాల్సిన అంచు ముడుచుకుపోయింది. పిస్టన్ ముందుకు పోతుంటే గాలి పెల్లెట్ వైపు పోకుండా పక్కల నుంచి వెనక్కి జారుతోంది. కిరోసిన్ పంపు స్టవ్ వాడిన ఇళ్లవాళ్లకు, సైకిల్ పంపు కొట్టినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. వాషర్ ఎండితే ఎంత కొట్టినా ట్యూబులోకి గాలి ఎక్కదు. పంపు రాడ్ మార్చి ఎవరూ బాగు చేయరు కదా. నేను చేసింది సరిగ్గా అదే.

ఈ కొలత వాషర్ బజారులో దొరకలేదు. సిలిండర్ లోపలి కొలత వర్నియర్‌తో 25 మిల్లీమీటర్లు. మండిబజార్ వైపు చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి పోయి బర్రె తోలు అడిగాను, మూడు మిల్లీమీటర్ల మందం. తోలు ఏదైనా పనికిరాదు. క్రోమ్‌తో పదును చేసిన తోలు కోసి చూస్తే లోపల నీలం బూడిద రంగు ఉంటుంది, మెత్తగా సాగుతుంది, గిన్నెలా నిలబడదు. తంగేడు చెక్కతో పదును చేసిన పాత పద్ధతి తోలు లోపలిదాకా గోధుమ రంగులో ఉంటుంది, తడిపి ఒత్తితే ఆ ఆకారం పట్టుకుని అలాగే ఆరుతుంది. బతుకమ్మలో పేర్చే ఆ తంగేడు చెట్టు బెరడే.

అచ్చు నేనే లేత్ మీద చేశాను, ఒక పైపు ముక్క, అందులో తోలు మందం ఖాళీ వదిలి దిగే ఒక గుండ్రటి ఇనుము, మధ్యలో బోల్టు. తోలు బిళ్లను గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టి అచ్చులో బిగించాలి. నీళ్లు మరిగితే తోలు ముడుచుకుని గట్టి రబ్బరులా అవుతుంది, ఎందుకూ పనికిరాదు. మొదటి వాషర్‌ను తొందరపడి ఎండలో పెట్టాను, అంచు పగిలింది. రెండోది నీడలో ఆరబెట్టాను, బాగా వచ్చింది, కానీ అంచు కోయడంలో పిసినారితనం చేశాను. సిలిండర్‌లో అంత బిగువుగా కూర్చుంది, పిస్టన్ సుత్తితో కొట్టినా కదల్లేదు. మూడోదానికి రెండు రోజులు నీడన ఆరనిచ్చి, లేత్ మీద తిప్పుతూ బ్లేడుతో సిలిండర్ కన్నా 0.3 మిల్లీమీటర్లు మాత్రమే ఎక్కువుండేలా కోశాను. చేత్తో తోస్తే పోవాలి, ముందు రంధ్రం వేలితో మూస్తే గాలి దిండులా ఎదురు తన్నాలి. తన్నింది.

దాన్ని ఒక రాత్రంతా ఆముదంలో ముంచి, మర్నాడు తుడిచి, ఇంకో రోజు పాత పేపర్ మీద వదిలేశాను. పేపర్ పీల్చుకోగా తోలులో మిగిలిందే చాలు. సిలిండర్‌లో నూనె కారుతూ ఉంటే ఏమవుతుందంటే, పిస్టన్ గాలిని ఒక్కసారి నలిపినప్పుడు అది విపరీతంగా వేడెక్కి నూనె ఆవిరి అంటుకుంటుంది, డీజిల్ ఇంజన్‌లో లాగే. ఢామ్మని చప్పుడు, మూతి నుంచి పొగ, కాలిన వాసన. కుర్రాళ్లకు ఆ చప్పుడు ఇష్టం. వాషర్‌కూ స్ప్రింగుకూ అదే చావు. సిలిండర్ లోపల సన్న తుప్పు మచ్చలుంటే కర్రకు ఎమరీ పేపర్ చుట్టి తిప్పి, కిరోసిన్‌తో కడిగి, పొడిగా తుడిచాను. గొట్టం దగ్గర చిన్న వాషర్‌కు అదే తోలు, చిన్న పంచ్.

కొత్త స్ప్రింగుతో కొట్టి చూస్తే 0.074 సెకను, 135 మీటర్లు. నవ్వొచ్చింది. ఎందుకో పాత స్ప్రింగు వేసి చూడాలనిపించింది. మళ్లీ విప్పి, బిగించి, వేశాను. 0.083 సెకను, 120 మీటర్లు. పది షాట్లలో తేడా రెండు మూడు మీటర్లే. భుజం మీద తన్ను లేదు, గణగణ లేదు. శక్తి 3.6 జౌళ్లు, వచ్చినప్పటి కన్నా దాదాపు ఐదు రెట్లు, అదీ ఆ "చచ్చిన" స్ప్రింగుతోనే. అదే వదిలేశాను. కొత్త స్ప్రింగు డబ్బులు ఆయన బిల్లులో రాయలేదు.

ఇప్పుడు కొక్కెం. భూతద్దం కింద పెడితే అల్లుడి పని కనపడింది. పిస్టన్ రాడ్‌ను పట్టే అంచు మీద ఆకురాయి గీతలు, ఒక పక్కకు వాలుగా. అసలు అంచు పిస్టన్ లాగే కొద్దీ కొక్కేన్ని లోపలికి ఇంకాస్త లాక్కునేలా ఉండాలి, కనీసం నిటారుగా ఉండాలి. ఇది బయటికి జారేలా తయారైంది. అదొక్కటే కాదు. ఇలాంటి చిన్న భాగాలు లోపల మెత్తటి ఇనుమే, పైన మాత్రం మిల్లీమీటరులో సగం కూడా లేని గట్టి పొర పట్టించి ఉంటుంది. ఆకురాయి ఆ పొరను దాటి మెత్తదనంలోకి దిగింది. అందుకే మొదట్లో హల్కగా బాగానే ఉండి, కొట్టిన కొద్దీ అరిగి, చివరకు గొట్టం టక్కుమని మూసుకున్నా జారిపోయే దాకా వచ్చింది.

మళ్లీ గట్టిపరచవచ్చు కదా అని ఎవరైనా అడుగుతారు. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తటి ఇనుము గట్టిపడదు, దానికి కార్బన్ పట్టాలి. ఇనుప డబ్బాలో బొగ్గుపొడి మధ్య పెట్టి, గాలి చొరకుండా మట్టితో మూసి, గంటల తరబడి ఎర్రటి వేడిలో ఉంచే పాత పద్ధతి ఉంది. కుట్టు మిషన్ కామ్‌లకు నేను చేసి చూశాను. కామ్ అరిగితే కుట్టు పోతుంది, అంతే. ఇది అరిగితే దుకాణం ముందు నిలబడ్డ పిల్లవాడి మొహం. చేయలేదు. నా దగ్గర విరిగిన తుపాకి ఒకటి విడి భాగాల కోసం ఉంది, దాని కొక్కెం తీశాను. మార్కర్ పెన్నుతో నీలం పూసి, జోడించి, ఒకసారి మడిచి విప్పితే నీలం ఎక్కడ చెరిగిందో అక్కడే తగులుతోందని తెలుస్తుంది. ఒక మూలనే తగులుతోంది. సన్నటి నూనె రాయి మీద, కోణం మారకుండా గాజు పలక ఆనించి, నాలుగు సార్లు రుద్దడం, మళ్లీ నీలం పూయడం. సాయంత్రమంతా దానికే పోయింది. ఆకురాయి ముట్టుకోలేదు.

చేపలు తూచే స్ప్రింగు తక్కెడ ట్రిగ్గర్‌కు తగిలించి లాగితే మునుపు 600 గ్రాములకే వదిలేది, ఇప్పుడు 2.1 కిలోలు. పెల్లెట్ పెట్టి, మూతి ఇసుకలోకి, తుపాకి మడమను, అంటే భుజానికి ఆనించే చివరను, రబ్బరు చాప మీద దబదబా ఇరవై సార్లు కొట్టాను. గొట్టాన్ని ఇరవై సార్లు గట్టిగా టక్కుమని మూశాను. కదల్లేదు. పెల్లెట్ లేకుండా మాత్రం ఎప్పుడూ కొట్టలేదు. ముందు అడ్డు లేకపోతే గాలి దిండు ఉండదు, పిస్టన్ నేరుగా ఇనుముకు గుద్దుకుంటుంది, చేసిన వాషర్ అక్కడే ముగుస్తుంది.

ఈ పని చేస్తున్న రోజుల్లోనే తెలిసినవాళ్ల అబ్బాయి ఒకడు షెడ్డుకు వచ్చి ఫోన్‌లో ఫోటో చూపించాడు. అమెరికాలో వాళ్ల బావ దగ్గర 1851 మోడల్ కోల్ట్ నేవీ రివాల్వర్ నకలు, నల్ల తుపాకిమందు దట్టించి కాల్చేది. "అన్నా, అక్కడ ఇంట్లోనే రిపేరు చేసుకుంటరట, నువ్వు గిట్ల చేస్తవా?" చూడగానే నచ్చింది, అబద్ధమెందుకు. సుత్తి మీద గాడి, ట్రిగ్గర్ ముక్కు, నా బెంచీ మీదున్న కొక్కెం లెక్కే. లోపల ట్రిగ్గర్‌నూ సిలిండర్ పట్టునూ రెండిటినీ నెట్టే చీలిక పట్టీ స్ప్రింగు ఒకటే ఉంటుంది, అదే తరచూ విరుగుతుంది. పట్టీ స్ప్రింగు సాన పట్టేటప్పుడు గీతలు పొడుగునా ఉండాలి, అడ్డంగా ఉంటే అక్కడే విరుగుతుంది. బాబిన్ కేసు పట్టీల దగ్గర నేర్చుకున్నది అదే. కానీ అక్కడి చట్టం వేరు. అమెరికా ఫెడరల్ చట్టం అలాంటి పాత మోడల్ నకళ్లను మామూలు తుపాకుల లెక్కలో వేయదు. ఇక్కడ 1959 ఆయుధాల చట్టం ప్రకారం మందుతో పేలేది ఏదైనా తుపాకే, దాన్ని చేయడమే కాదు, రిపేరు చేయడానికి, పరీక్షించడానికి కూడా లైసెన్సు కావాలి. 4.5 మిల్లీమీటర్ల గొట్టం, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ గన్నుకు మాత్రం అక్కర్లేదు. 3.6 జౌళ్ల దగ్గరే నా పని ఆగిపోతుంది. ఛాయ్ తాగించి పంపించాను.

ఇక మిగిలింది గొట్టం. బల్బు వైపు పెట్టి లోపలికి చూస్తే వెలుగు వలయాలు గుండ్రంగా కాకుండా ఒక పక్కకు ఒరిగాయి. కొంచెం పైకి వంగింది. గొట్టం తెరిచి ఉన్నప్పుడు ఎవరో ట్రిగ్గర్ నొక్కి ఉంటారు, అది ఎగిరి మూసుకున్నప్పుడు ఇలా వంగుతుంది. ఆయన తీసుకుపోవడానికి వచ్చినప్పుడు చూపించి, చెక్క దిమ్మెల మధ్య పెట్టి సరిచేస్తానన్నాను.

"అది ఉండనియ్ తమ్మీ."

"నాలుగు మీటర్ల దగ్గర రెండు వేళ్లు పైకి పోతది కాకా."

"ఎరుకే."

బుగ్గల దుకాణంలో గురి ఎందుకు తప్పుతుందో చిన్నప్పటి నుంచీ అనుమానం ఉన్నవాళ్లందరి తరఫున చెప్తున్నా, కొన్ని వంకరలు అనుకోకుండానే వస్తాయి, కానీ ఉండిపోవడం మాత్రం అనుకుని ఉండిపోతాయి. ప్రమాదం లేదు కాబట్టి నేను ముట్టుకోలేదు. ట్రిగ్గర్ నొక్కి చూసి మొహం చిట్లించాడు, "గిది గట్టిగున్నది గద" అన్నాడు. అది మాత్రం తగ్గించనన్నాను, తగ్గించాలంటే తుపాకి ఇక్కడే వదిలిపొమ్మన్నాను. గొణుక్కుంటూ సంచిలో చుట్టుకున్నాడు.

కురవి జాతర అయ్యాక మళ్లీ వచ్చాడు. మూడో నంబర్ ఫోన్ లెక్కలో 117 మీటర్లు, వాషర్ మెత్తగానే ఉంది. ఇప్పుడు ఐదో నంబర్ తెచ్చాడు. "నువ్వు మూడోదానికి నూనె పెట్టినవ్ గద, మంచిగైంది, గందుకే దీనికి నేనే పెట్టిన. రెండు దినాలు బాంబు తీర్గ పేలింది, ఇప్పుడు ఏం లేదు." మూతి దగ్గర ముక్కు పెట్టి చూశాను. గుప్పున కొబ్బరినూనె.